వద్దనలేనివాళ్ల జాబితా

జూన్ 8, ఆదివారం

కాలేజీ గదిలో మీటింగుకు ముగ్గురం వచ్చాం. నేను, వంశీధర్‌రావు సార్, నస్పూర్ నుంచి దశరథం. నలభై కుర్చీలు వేసి, మూడింటిలో కూర్చున్నాం.

పాత కంప్యూటర్ల మండలి జాబితాలో నూటికి పైగా పేర్లున్నాయి. అందరికీ మెయిల్ పంపాను. శుక్రవారం ఒకసారి, నిన్న ఒకసారి, ఈ ఉదయం మళ్లీ ఒకసారి. రాలేనని ఒక్కరూ చెప్పలేదు. రానూ లేదు.

దశరథం తన ఫోన్ తీసి చూపించాడు. "అక్కా, నీ మెయిల్ గీడ పడ్డది సూడు."

స్పామ్ పెట్టె. నా నోటీసుకు పైన ఎవరికో లాటరీ తగిలిన సంగతి, కింద మోకాళ్ల నొప్పుల నూనె.

అంటే తప్పు మనుషులది కాదు. మెయిల్ చేరడం లేదు. సరిచేయదగిన విషయమే.

రావు సార్ బీబీసీ మైక్రో ఆన్ చేశారు. ఎనభైల్లో బడులకు ఇచ్చిన యంత్రం. ఒక్క బీప్ కొట్టి లేచింది. సార్ ఈ కాలేజీలోనే కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మండలి మేమిద్దరం కలిసి పెట్టిందే.

"దీని గుండె గట్టిదే సార్," అన్నాడు దశరథం.

"నీకంటె గట్టిది. దీనికి స్టెంట్ పడలే," అన్నారు సార్.

జూన్ 9

కాలేజీ కరస్పాండెంట్ నిర్మలాదేవి పిలిచారు. మామగారు పోయాక ఈ ఏడాదే ఆ కుర్చీలో కూర్చున్నారు.

"గా గది మా మామయ్య మీకిచ్చిండ్రు. నేను కాదంటలేను మేడమ్. కాని ఎవరొస్తున్నరు? నిన్న వాచ్‌మన్‌ను అడిగిన. ముగ్గురన్నడు."

"మెయిల్ అందుతలేదు. అందితే వస్తరు."

"మంచిది. జులై ఆఖరి ఆదివారం జర పెద్దగ పెట్టుండ్రి. నేనే వచ్చి సూస్త. సగం కుర్చీలు నిండితె గది మీదే. లేకుంటె పిల్లల ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కు గావాలె. సామాను మీరే తీసుకపోవాలె."

"సామాను కాదు మేడమ్, యంత్రాలు."

"యంత్రాలె అనుకుందాం. ఏడ పెడ్తరు?"

మా ఇల్లు రెండు గదులు. కాలేజీ గేటుకు ఎదురుగా పాత ఇనుము దుకాణం ఉంది. బయటికి వచ్చేటప్పుడు అటు చూడకుండా నడిచాను.

జూన్ 10

'నేటి యంత్రం' ఎప్పటిలాగే పొద్దున్నే సభ్యులందరికీ మెయిల్‌లో పంపాను. ఇవాళ్టిది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ రిబ్బన్ గురించి. రెండు పేజీలు. రిటైరయిన మర్నాడు మొదలుపెట్టాను, ఒక్కరోజు తప్పలేదు. విలేకరిగా పత్రికకు ముప్పై ఏళ్లు రోజూ కాపీ పంపాను. డెస్క్ తీసుకోవడం ఆపింది. నేను రాయడం ఆపలేదు.

మండలి సభ్యులు అదృష్టవంతులు. ఇంత వివరం ఇంకెక్కడా దొరకదు.

జూన్ 13

పెద్ద మెయిల్ కంపెనీలు ఇప్పుడు మూడు సంగతులు అడుగుతున్నాయి. మన పేరున మెయిల్ పంపే సర్వర్ ఏదో ముందే చెప్పాలి. ప్రతి మెయిల్ మీదా సర్వర్ సంతకం ఉండాలి. ఈ రెండూ కుదరని మెయిల్ వస్తే ఏం చేయాలో మనమే రాసి ఉంచాలి. మొదటిది ఉంది. రెండోది ఇవాళ మండలి సర్వర్‌లో నేనే పెట్టాను. మూడోది రేపు.

జూన్ 14

మూడోదీ పెట్టాను. పరీక్షించే సైటు పదికి పది ఇచ్చింది.

మధ్యాహ్నం నా సొంత మెయిల్ శుభ్రం చేసుకున్నాను. ఆదిలాబాద్ నుంచి ఓంప్రకాశ్ పంపే రిటైర్డ్ విలేకరుల పత్రిక ఈ వారంలోనే నాలుగోది వచ్చింది. ఎవరికి శాలువా కప్పారు, ఎవరి మనవరాలికి ఏ ర్యాంకు. స్పామ్ అని కొట్టాను. వద్దని ఆయనకు ఎట్లా చెప్తాం? ఒకే జీపులో తిరిగి వార్తలు రాసినవాళ్లం.

జూన్ 15

పదికి పది వచ్చిన మెయిల్ కూడా దశరథం స్పామ్ పెట్టెలోనే పడింది.

జూన్ 18

మా సర్వర్‌కు వచ్చే చెత్త కూడా పెరిగింది. 'మీ ఖాతా మీద ఫిర్యాదు వచ్చింది, ఈ లింకు నొక్కకపోతే మూసేస్తాం' అనే రకం. అన్నీ దొంగవే. వడపోతలో ఒక రూలు రాశాను. ఫిర్యాదు అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట ఉంటే చాలు, నా కంట పడకుండా నేరుగా చెత్త పెట్టెలోకి పోతుంది.

ఉదయం నుంచి పెట్టె శుభ్రంగా ఉంది. ఈ ఒక్క పనైనా అయింది.

జూన్ 22

పెద్ద మెయిల్ కంపెనీ ఒకటి తన పేజీలో ఒక గ్రాఫు చూపిస్తోంది. నా మెయిళ్లు అందుకున్నవాళ్లలో కొందరు వాటిని స్పామ్ అని నొక్కుతున్నారు. వాళ్ల శాతం ఎర్ర గీతకు చాలా పైన ఉంది. అందుకే నా మెయిల్ అందరికీ స్పామ్‌లోకే తోస్తోంది. ఎవరు నొక్కుతున్నారో మాత్రం చెప్పదు.

మా సభ్యులు నొక్కరు. ఇష్టం లేనివాళ్ల కోసం ప్రతి మెయిల్ అడుగున 'జాబితా నుంచి తొలగించండి' అని పెట్టాను. నొక్కితే పేరు పోతుంది, పోయినట్టు నాకు కబురు వస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కరూ నొక్కలేదు. అంటే అందరికీ కావాలి.

జాబితాలో కాలేజీ ఆఫీసువాళ్ల ఐడీలు మూడున్నాయి. గది కావలసింది వాళ్లకు. ఆధారం లేదు. రాసి పెట్టుకుంటున్నాను, అంతే.

జూన్ 29, ఆదివారం

నస్పూర్ వెళ్లాను. దశరథం బొగ్గుగని ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసి దిగిపోయాడు. ఫ్లాపీ డ్రైవులు బాగుచేయడానికి వరండాలో బల్ల వేసుకున్నాడు. ఆయన భార్య రామవ్వ చాయ్ ఇచ్చింది.

"మమతమ్మా, ఈయన ఫోన్ పొద్దుందాక టింగు టింగు మంటది. అన్ని నీయేనా?"

"నావే," అన్నాను. గర్వంగానే అన్నాను.

"గంత రాసుడుకు నీకు ఓపికెట్లుంటదే తల్లీ. సదివెటోళ్లకుండాలె గాని."

"నువ్వు జర లోపల్కి పో," అన్నాడు దశరథం. డ్రైవు మీద నుంచి తల ఎత్తలేదు.

జులై ఇరవై ఏడు మీటింగు గురించి మాట్లాడాం. రోజూ గుర్తుచేయడం మంచిదన్నాను. దశరథం, "నీ ఇష్టం అక్కా," అన్నాడు. ఒప్పుకున్నాడు.

జూలై 1

ఇవాళ్టి నుంచి 'నేటి యంత్రం'తో పాటు సాయంత్రం ఒక నోటీసు కూడా.

జూలై 4

గ్రాఫు ఇంకా పైకి పోయింది. కాలేజీ మీద అనుమానం గట్టిపడుతోంది.

జూలై 6

నిర్మలాదేవి ఫోన్ చేశారు. "మేడమ్, మీకు మెయిల్ పెట్టి నాలుగు రోజులాయె. జవాబే లేదు."

రాలేదన్నాను. పంపానన్నారు. వడపోత పెట్టినప్పటి నుంచి తెరవని చెత్త పెట్టె తెరిచాను. ఆమె మెయిల్ అక్కడుంది. 'గది చాలడం లేదని విద్యార్థుల నుంచి ఫిర్యాదులున్నాయి' అని ఒక వాక్యం ఇంగ్లిష్‌లో రాశారు. నా రూలు ఆ ఒక్క మాట చూసి పడేసింది.

దాని చుట్టూ వేరే మెయిళ్లున్నాయి. చాలా ఉన్నాయి. దొంగవి కావు. ఇంకో మెయిల్ కంపెనీ పంపినవి. ఈ కంపెనీకి ఒక పద్ధతి ఉంది. ఎవరైనా స్పామ్ అని నొక్కితే, ఆ మెయిల్‌ను 'దీని మీద ఫిర్యాదు వచ్చింది' అని పంపినవాళ్లకే తిప్పి పంపుతుంది. నొక్కినవాళ్ల అడ్రసు చెరిపేసి పంపుతుంది.

అడ్రసు చెరిపారు. నేను మర్యాద కోసం ప్రతి మెయిల్‌నూ పేరుతో మొదలుపెడతాను. ఆ పేరు చెరపలేదు.

పది పన్నెండు పేర్లు. ఆ కంపెనీ మెయిల్ ఇంకా వాడేది మాలో పాతవాళ్లే. కాలేజీ ఐడీల్లో ఒక్కటీ లేదు.

ఎక్కువగా కనిపించిన పేరు: గౌరవనీయులైన వంశీధర్‌రావు గారికి.

జూలై 7

వేలు తగిలి ఉంటుంది. సార్‌కు చూపు తగ్గింది.

జూలై 8

రోజూ తగలదు.

జూలై 9

మంకమ్మతోటలో సార్ ఇంటికి వెళ్లాను. సోఫా మీద పేపర్లు జరిపి కూర్చోమన్నారు. ఆరోగ్యం అడిగారు, వానలు అడిగారు. రెండింటికీ జవాబు చెప్పాను. తర్వాత ఫోన్‌లో ఆ రిపోర్టు తీసి ముందు పెట్టాను.

సార్ కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. తీసి తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు.

"నాకు తెల్వదు మమతా, నీకు ఎరుకైతదని."

"తొలగించుమని కింద ఉంది గద సార్. అదెందుకు నొక్కలే?"

"అది నొక్కితె నా పేరు నీకు పోతది. ఎల్లుండి నీ మొఖం ఎట్ల సూడాలె? ఇదైతె సప్పుడుగాక పోతది అనుకున్న."

"మీకు మండలి వద్దా?"

"మండలి గురించి కాదు. నువ్వు మీటింగున్నది రమ్మని నెలకొక్క ముక్క రాస్తె సాలు. నువ్వు పొద్దుగాల్నే పేపర్ ఏస్తున్నవ్. రిబ్బన్ మీద రెండు పేజీలా? నేను ముప్పయ్యేండ్లు గదే పాఠం చెప్పిన. మల్ల నాకే చెప్తవా?"

"మరి మీటింగులకు ఎందుకొస్తున్నరు?"

"నువ్వు పిలుస్తవ్. నేను రాకుంటె దశరథం ఒక్కడుంటడు. ఆడు రాకుంటె నువ్వొక్కదానివే కూసుంటవ్. మేమిద్దరం ఫోన్లు చేస్కొని వస్తం, నువ్వొస్తున్నవా అంటె నువ్వొస్తున్నవా అని."

లోపలి నుంచి ఎవరో టీ తెచ్చారు. తాగాను. చక్కెర ఎక్కువైంది. చెప్పలేదు.

లేచేటప్పుడు సార్, "మనసుల పెట్టుకోకు," అన్నారు.

"లేదు సార్," అన్నాను.

జూలై 10

'నేటి యంత్రం' పంపలేదు.

జూలై 11

నిన్న ఒక్క వాక్యంతో ఆపేశాను కాబట్టి ఇవాళ తెలిసిన సంగతులు రాస్తాను.

మా మెయిల్ స్పామ్‌లోకి పోవడానికి సర్వర్ కారణం కాదు. కాలేజీ కాదు. మా సభ్యులు నొక్కారు. మొహమాటం కొద్దీ నొక్కారు. వాళ్లు నొక్కినందువల్ల కావాలనుకున్నవాళ్లకూ అందలేదు. నేను ఎంత ఎక్కువ పంపితే అంత ఎక్కువ నొక్కారు.

అయినా జులై ఇరవై ఏడు ఉంది. ఇరవైకి పైగా యంత్రాలున్నాయి. గేటుకు ఎదురుగా ఇనుము దుకాణం ఉంది. బాధపడే పని తర్వాత చేసుకోవచ్చు.

ఫోన్లు మొదలుపెట్టాను. మండలిలో ఉంటారా, మానుకుంటారా, మానుకున్నా ఏమీ అనుకోను అని అడిగాను. "అయ్యో, వస్త మేడమ్." "తప్పకుండ అక్కా." "మనం లేకుంటె ఎట్ల?" అందరూ వస్తామన్నారు. ముప్పై ఏళ్లు ఈ గొంతులు విని కాపీ రాశాను. ఈ 'వస్త' ఏమిటో నాకు తెలుసు. సగంలో ఆపేశాను.

జూలై 12

ఒక సంగతి అర్థమైంది. మా దగ్గర ఎవరికీ ఎదురుగా వద్దనడం రాదు. కాబట్టి వద్దని చెప్పే అవసరమే లేకుండా చేయాలి.

జాబితా మొత్తం తుడిచేశాను. ఒక్క పేరు కూడా ఉంచలేదు. రావు సార్ పేరు, దశరథం పేరు, నా పేరు.

అందరికీ ఫోన్‌కు ఒక సందేశం పంపాను. ఇదే ఆఖరుది.

'పాత జాబితా తీసేశాను. ఇకపై మెయిల్ రాదు. మండలి కావాలనుకున్నవాళ్లు మీరే నాకు ఒక మెయిల్ రాయండి. రాయకపోతే కారణం అడగను, ఫోన్ చేయను. కొత్త జాబితాకు నెలకు ఒక్కటే నోటీసు. జులై 27 ఆదివారం గదిలో యంత్రాలన్నీ ఆన్ చేస్తున్నాం. మమతారాణి.'

దీనివల్ల సాంకేతికంగానూ మేలుంది. ఒక మనిషి తనే ముందు రాసిన అడ్రసు నుంచి జవాబు వెళ్తే, మెయిల్ కంపెనీ దాన్ని స్పామ్ అనుకోవడం తక్కువ. వాళ్లంతట వాళ్లే తలుపు తీసినట్టు.

ఫిర్యాదు రూలు కూడా తీసేశాను. చెత్త పెట్టె రోజూ పొద్దున నేనే చూస్తాను.

జూలై 13

ఎవరూ రాయలేదు.

జూలై 14

ఎవరూ రాయలేదు. సర్వర్ పనిచేస్తోందా అని నాకు నేనే ఒక మెయిల్ పంపుకున్నాను. వచ్చింది.

జూలై 15

మంథని నుంచి జమున అనే ఆమె రాసింది. హైస్కూల్లో లెక్కల టీచర్. ఏనాడూ మీటింగుకు రాలేదు. జాబితాలో ఎలా చేరిందో నాకు గుర్తు లేదు.

'మేడమ్, నా పేరు ఉంచుండ్రి. మీ రాతలు మొదట ఇన్‌బాక్స్‌కే వచ్చేవి. తర్వాత స్పామ్‌కు పోయినయి. రోజూ పొద్దున వంట చేస్తూ అక్కడికే పోయి చదువుకున్న. ఐదు రోజుల నుంచి అక్కడ కూడా లేవు. మీ ఆరోగ్యం మంచిగున్నదా?'

రెండుసార్లు చదివాను. మంచిగున్నదని రాశాను.

జూలై 18

దశరథం రాశాడు. చెత్త పెట్టెలో దొరికాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో, అన్నీ పెద్దవే వాడి, ఉంట అక్కా అని ఒక్క వాక్యం. సబ్జెక్టు లేదు. వడపోతకు ఇంతకన్నా అనుమానాస్పదమైన మనిషి ఉండడు. బయటికి తీసి జాబితాలో రెండో పేరుగా రాశాను.

జూలై 22

పదకొండు మంది. ఇక పెరగడం లేదు. రావు సార్ రాయలేదు. కారణం అడగనన్నాను. అడగను.

జూలై 25

దశరథం ఫోన్ చేశాడు. "అక్కా, నస్పూర్ల రిటైరైనోళ్లు మస్తుమంది ఉన్నరు. ఒక బండి మాట్లాడి తోలుకొస్త. కుర్చీలు నిండుతయ్. బిర్యాని పెడితె సాలు."

"వద్దు."

"పోనీ కుర్చీలన్న సగం తీసి దాచి పెడదామా?"

"లీడర్ల మీటింగులకు జనాన్ని తోలుకొచ్చుడు మీద నేను ఎన్ని వార్తలు రాసిన దశరథం?"

"రాసినవ్. అయినా వాళ్లే గెలిచిండ్రు గద అక్కా."

నవ్వాను. ఈ నెలలో మొదటిసారి అనుకుంటాను.

జూలై 27, ఆదివారం

పొద్దున్నే వెళ్లి నలభై కుర్చీలూ వేశాను.

పదకొండు మందిలో తొమ్మిది మంది వచ్చారు. ఇద్దరు రాలేమని ముందే మెయిల్ రాశారు. రాలేమని రాశారు! ఆ రెండు మెయిళ్లు విడిగా దాచుకున్నాను. దశరథం వెంట రామవ్వ వచ్చింది. రావు సార్ పేరు రాయకుండానే వచ్చి, వెనక వరుసలో కూర్చున్నారు.

జమున పెద్దపల్లి మీదుగా రెండు బస్సులు మారి వచ్చింది. నలభై దాటిన మనిషి. బీబీసీ మైక్రో దగ్గర నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మా స్కూల్ల ఒకటుండె మేడమ్. గుడ్డ కప్పి తాళమేసిండ్రు. ఇన్‌స్పెక్షనప్పుడు గుడ్డ తీసేటోళ్లు. మేం దూరంకెల్లి సూసేది. ముట్టుకోనియ్యలే."

"ముట్టుకో," అన్నాను.

పేరు కొట్టింది. తెర మీద పేరు వచ్చింది. ఇంకోసారి కొట్టింది.

నిర్మలాదేవి పదకొండింటికి వచ్చారు. తలుపు దగ్గర నిలబడి గది చూశారు. ఆమె లెక్కపెట్టక ముందే నేను వెళ్లి చెప్పాను.

"నిండలేదు మేడమ్."

"సూస్తున్న. ఎవరినన్న తోలుకొస్తె నాకు తెలుస్తుండెనా?"

"మీకు తెల్వకపోతుండె."

"మరి?"

"నాకు తెలుస్తుండె."

ఆమె లోపలికి వచ్చి ప్రతి యంత్రం ముందూ ఆగారు. గది గురించి మాట మార్చలేదు. మారుస్తారని నేనూ అనుకోలేదు. పోయేటప్పుడు, "కాలేజీ వ్యాన్ పంపిస్త. ఎక్కడికంటె అక్కడికి దించుతరు," అన్నారు.

ఆమె వెళ్లాక విషయం చెప్పాను. గది పోయింది, యంత్రాలు పోవాలి. ఎవరికైనా కావాలంటే ఇంటికి తీసుకెళ్లవచ్చు, తీసుకోకపోతే కారణం అడగను. నెలకు ఒక ఇంట్లో కలుద్దాం, ఆ ఇంట్లో ఉన్న యంత్రం ముందు.

జమున బీబీసీ మైక్రో మీద చెయ్యి తీయకుండానే, "ఇది నాకు," అంది. దశరథం డ్రైవులన్నీ అడిగాడు. రామవ్వ, "ఇప్పటికే వరండల అడుగు పెట్టరాదు," అంటూనే ఒక మానిటర్ బరువు చూసింది. గంటలో ఒక్కటి తప్ప అన్నిటికీ ఇల్లు దొరికింది.

మిగిలింది 386 అనే పాత పర్సనల్ కంప్యూటర్. రావు సార్ తన ఇంటి నుంచి తెచ్చి ఇచ్చినది. అందరూ సార్ వైపు చూశారు.

సార్ లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు.

"నాకు వద్దు మమతా."

ఇరవై ఏళ్ల పరిచయంలో సార్ నోట నేను ఆ మాట వినడం ఇదే మొదలు.

"సరే సార్," అన్నాను.

ఏమీ కాలేదు. ఆయనకూ కాలేదు, నాకూ కాలేదు. చాయ్ వచ్చింది, తాగాం. చక్కెర ఎక్కువైందన్నాను. అవునన్నారు సార్.

ఆగస్టు 2

వ్యాన్ చివరి ట్రిప్పు నస్పూర్‌కు వెళ్లింది. గది తాళం చెవి ఆఫీసులో ఇచ్చాను. ఇనుము దుకాణం వైపు చూస్తూ నడిచాను. 386 మా ముందు గదిలో కిటికీ కింద పెట్టాను.

కొత్త జాబితాకు మొదటి నోటీసు పంపాను. మూడు వాక్యాలు. 'ఈ నెల మంథనిలో, జమున గారింట్లో' అని మొదలు. తర్వాత పెట్టె చూశాను, చెత్త పెట్టె కూడా చూశాను. ఫిర్యాదు లేదు. జమున జవాబు ఉంది. నెలకు ఒక్క నోటీసు అందరికీ మంచిదే గానీ 386 గురించి రాస్తే తనకు ఒక్కదానికి పంపమని.

రేపు రాస్తాను. ఒక పేజీ.

ఆగస్టు 3

ఆదిలాబాద్‌కు ఓంప్రకాశ్‌కు ఫోన్ చేశాను.

"కాయ్ ఝాలా, ఏమైంది మమతా? నువ్వే ఫోన్ చేసినవ్, ఏం ఖబర్?"

"నీ పత్రిక నాకు వద్దు ఓంప్రకాశ్. జాబితల నుంచి నా పేరు తీసెయ్."

"సదువుతలేవా?"

"సదువుతలేను. ఇన్ని రోజులు స్పామ్ కొట్టిన."

"స్పామా? మా పత్రిక ఎవ్వరికి పోతలేదు మమతా. రెండు నెలలాయె. సర్వర్ కరాబైందని హైదరాబాద్‌కెల్లి పిలగాన్ని పిలిపిచ్చిన. గీడనే కూసున్నడు, ఏదో సంతకం పెడుతున్నడు."

"అది పెట్టినా పోదు. ఆ పిల్లవాన్ని వాపసు పంపు. రేపు నేనొస్తున్న."

"నువ్వా? వచ్చి ఏం జేస్తవ్?"

ఫోన్‌లో చెప్పలేదు. ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన జాబితా ఆయన చేతనే తుడిపించాలి. రేపు పొద్దున ఆరింటికి ఆదిలాబాద్ బస్సు ఉంది.